మంచు పడిన రోజు మామ పక్క సీటు

పోయిన నెల ఒక శుక్రవారం మామ పోయాడు. జుమ్మా నమాజుకు రాలేదేమని వర్క్‌షాప్‌లో ఆయనతో పనిచేసే పాకిస్తానీ మెకానిక్ వెళ్లి తలుపు కొట్టాడట. పలకలేదు. గడియ విరగ్గొట్టి చూస్తే మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడు. ఆ సమయానికి నేను సౌదీలోని అదే తబూక్ ఊళ్లో ఒక హోటల్ మేడ మీద ఏసీ విప్పుకుని కూర్చున్నాను. ఫోన్ చేసినతను "ఉస్తాద్ గుజర్ గయే భాయ్" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. చేతిలో ఉన్న స్పానర్ ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు, మర్నాడు వెతికినా దొరకలేదు.

ఇక్కడే మట్టి ఇచ్చారు. ఊళ్లో ఉన్న ఆయన కొడుకులు ఫోన్లో సరే అన్నారు. నేను ఖబరస్థాన్ గోడ బయట నిలబడ్డాను. నన్ను ఎవరూ ఆపలేదు, నేనే లోపలికి వెళ్లలేదు. అక్కడ ఎలా నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిని. బయటికి వచ్చినవాళ్లంతా నా భుజం మీద చెయ్యి వేసి ఒకే మాట అన్నారు. అదృష్టవంతుడు, బాధ పడకుండా పోయాడు అని. నాకు ఒళ్లు మండింది. బాధ పడలేదని వీళ్లకెలా తెలుసు? పక్కన ఉన్నారా? ఎవరూ లేరు కదా. ఆయన పక్కన ఎవరూ లేరన్న ఆ ఒక్క సంగతే నెల రోజులుగా నన్ను తినేస్తోంది. ఇంకెవరి విషయంలోనైనా ఇంతగా బాధపడేవాణ్ని కాదేమో. మామ విషయంలో ఎందుకు పడుతున్నానో మీకు తెలియాలంటే ఆయన కారు గురించి చెప్పాలి.

మామ అంటున్నాను కానీ మాకే చుట్టరికమూ లేదు. ఆయన కడప వైపు ముస్లిం, రాయచోటి దగ్గర పల్లె. నేను జగిత్యాల వైపు హిందువును. తబూక్ సనాయియాలో, అంటే వర్క్‌షాపులన్నీ ఉండే పేటలో, ఆయన పెద్ద మెకానిక్. మా కంపెనీ వ్యాను అక్కడికే రిపేరుకు వెళ్లేది. మొదటిసారి నేను "అన్నా" అని పిలిస్తే తల ఎత్తకుండానే, "అన్నా అంటే నీకూ నాకూ సమానమైపోతాది. మామా అను. నాలుగు తిట్లు తిట్టేదానికి వీలుగా ఉంటాది" అన్నాడు. అప్పటినుంచి మామే. మా గదుల్లో తెలుగువాళ్లందరికీ ఆయన మామ, రాయచోటిలో ఉన్న ఆయన భార్య మా అందరికీ అత్త.

కారు ముదురు నీలం రంగు జపాన్ స్పోర్ట్స్ సెడాన్. ఒక సౌదీ యువకుడు మోజుపడి కొని, పొట్టి స్ప్రింగులు వేయించి, నేలకు బెత్తెడు ఎత్తు మాత్రమే ఉండేలా కిందికి దించాడు. పెళ్లయ్యాక కొత్త పెళ్లికూతురు ఒక్కసారి ఎక్కి దిగి, మళ్లీ ఈ బండి జోలికి రానని చెప్పేసింది. ఎన్నాళ్లుగానో దాని బాగోగులు చూసేది మామే కాబట్టి ఆయనకే చవగ్గా వదిలేసి పోయాడు. ఇక చూడండి మామ అవస్థ. ఊళ్లో ప్రతి వీధికీ ఒక మతబ్ ఉంటుంది, మన స్పీడ్ బ్రేకరే. మామ దాని ముందు ఆగి, స్టీరింగ్ తిప్పి, ఒక్కో చక్రాన్ని విడివిడిగా ఎక్కించి దించేవాడు. వెనక బండ్లవాళ్లు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయేవారు. మామ చెయ్యి బయటపెట్టి వాళ్లకు సలాం చేసేవాడు. ముందు బంపర్‌కు అడుగంతా పగుళ్లే. ఆ పగుళ్లకు రెండు వైపులా చిన్న చిన్న రంధ్రాలు వేసి రాగి తీగతో కుట్టేవాడు, అచ్చం దుప్పటి కుట్టినట్టు.

ఏడాదికోసారి ఫహస్‌కు, అంటే ప్రభుత్వ తనిఖీకి, బండి తీసుకుపోవాలి. అంత కిందికి ఉంటే పాస్ చెయ్యరు. అందుకని అసలు కంపెనీ స్ప్రింగులు నాలుగూ మంచం కింద దాచి ఉంచేవాడు. తనిఖీకి ముందు వాటిని బిగించి, అయ్యాక మళ్లీ విప్పి పొట్టివి వేసేవాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎట్లాగు ఎక్కిచ్చినవ్ గద మామా, గట్లనే ఉంచరాదు? మళ్ల ఎందుకే తీసుడు?"

"ఎత్తు మీద ఉంటే జోరుగా పోతాం అల్లుడా. కిందికి ఉంటే మెల్లగా పోవాల. మెల్లగా పోతే పక్కన కూచ్చున్నోడు నోరు తెరుచ్చాడు."

అప్పుడు నాకు అర్థం కాలేదు. మెకానిక్కుల పైత్యం అనుకున్నాను.

సౌదీలో మంచు పడుతుందంటే మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. ఊరివాళ్ల దాకా ఎందుకు, ఇదే దేశంలో అల్ ఖర్జ్‌లో పాల ఫారంలో పనిచేసే మా చిన్నాన్న కొడుకే నమ్మడు. కానీ తబూక్ నుంచి రెండు గంటల పైన ప్రయాణం చేస్తే లౌజ్ కొండలు వస్తాయి. చలికాలంలో ఒకటి రెండు రోజులు అక్కడ తెల్లగా, మందంగా మంచు పడుతుంది. పొగమంచు కాదు, చేత్తో తీసుకుంటే గుప్పిట్లో గట్టిపడే మంచు. ఒక్కో ఏడాది అసలు పడదు. పడిందంటే మాత్రం ఊరు ఊరంతా పికప్పులు, జీపులు వేసుకుని కొండకు పరుగు పెడుతుంది. ఆ ఎత్తు బండ్ల మధ్యన నేలబారుగా, కుట్లు పడిన మూతితో మామ బండి. సౌదీ పిల్లలు వేళ్లు చూపించి నవ్వేవారు. మామ కూడా నవ్వేవాడు.

మంచు రోజున ఆ కారులో మామ కాక ఇంకొక్కరికే చోటు. సీట్లు లేక కాదు. ముగ్గురు ఎక్కితే సైలెన్సర్ రోడ్డును గీకేది, మంచులో అసలు కదిలేదే కాదు. అందుకని ఒక్కరినే పిలిచేవాడు. ఎవరిని పిలుస్తాడన్నది మొదట్లో మాకు అంతుపట్టలేదు. రెండు మూడు చలికాలాలు గడిచాక తెలిసింది. ఆ ఏడాది మా అందరిలో ఎవరికి ఎక్కువ కష్టం వచ్చిందో వాణ్నే పిలిచేవాడు. తెలిశాక ఏమైందంటే, మంచు పడిందన్న కబురు రాగానే గదుల్లో అందరూ మామ కంట పడకుండా తిరగడం మొదలుపెట్టారు. పిలుపు వచ్చిందంటే వీడి ఇంట్లో ఏదో జరిగిందని పదిమందికీ తెలిసిపోతుంది. మా గదిలో నిర్మల్ వైపు పెయింటర్ ఒకతను ఉండేవాడు. మామ వస్తున్నాడని తెలిసి బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. మామ బయట స్టూలు వేసుకుని కూర్చుని, మాకు టీ పెట్టమని చెప్పి, తాపీగా అన్నాడు. "రానీ. నీళ్లు అయిపోతే వాడే రాక యాడికి పోతాడు." వచ్చాడు. ఇద్దరూ కొండకు పోయారు. సాయంత్రం తిరిగొచ్చిన పెయింటర్ ఎవరితోనూ మాట్లాడకుండా స్నానం చేసి, కడుపునిండా అన్నం తిని పడుకున్నాడు. అతను అన్నం తిని అప్పటికి చాలా రోజులైంది.

నన్ను కూడా ఒక ఏడాది పిలిచాడు. ఆ ఏడాది నా భార్యకు ఆరో నెలలో కడుపు పోయింది. నేను వెళ్లలేకపోయాను. ఆ తర్వాత ఆమె నా ఫోన్ ఎత్తడం మానేసింది. నేను ఎవరికీ చెప్పలేదు. మామకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే వచ్చి, "దుప్పటి తెచ్చుకో అల్లుడా, కిటికీ సందులో నుంచి గాలి కొడతాది" అన్నాడు. అంతే.

దారి పొడుగునా నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. బండి సంగతులే చెప్పాడు. మంచులో రెండో గేర్లో కదలాలి, బ్రేకు అనేది ఉందన్న సంగతే మర్చిపోవాలి. ముందు పోయిన బండ్ల చక్రాలు మంచులో రెండు గాడులు చేస్తాయి, మధ్యలో గట్టు మిగులుతుంది. ఆ గాడుల్లో దిగితే మన బండి కడుపు గట్టుకు తగులుతుంది. కాబట్టి ఒక చక్రం గట్టు మీద, ఒక చక్రం పక్కన పచ్చి మంచులో వేసి పోవాలి. "గాడిలో పొయ్యేది ఎత్తు బండ్లకు. మన మాదిరి పొట్టోళ్లు గట్టెక్కి పోవాల" అంటూ స్టీరింగ్‌ను వేళ్ల చివరలతో పట్టుకుని తోలేవాడు. బండి కొంచెం పక్కకు జారితే పాపాయిని సముదాయించినట్టు "ల్యాదు ల్యాదు ల్యాదు" అని గొణిగేవాడు. పోలీసులు ఎక్కడ ఆపితే అక్కడే ఆగిపోయేవాడు, ఇంకాస్త పైకి పోనివ్వమని ఏనాడూ బతిమాలలేదు.

పైన బండి ఆపి అత్తకు ఫోన్ చేశాడు. "అంతా సున్నం కొట్టిన మాదిరి ఉండాది" అని చెప్పాడు. ఆమె అవతల నుంచి, "ఆ సలిలో నీకేం పనయ్యా? చెవులకు గుడ్డ కట్టుకో. పక్కనెవురు, అల్లుడా? ఆ పిల్లోడికీ కట్టు" అంది. స్పీకర్లో ఆ మాట విని నాకు ఏడుపు ముంచుకొచ్చింది. దిగి వచ్చేటప్పుడు, బండి నడక వేగంతో పోతుండగా, నాకు తెలియకుండానే నోరు తెరిచాను. అంతా చెప్పాను. మామ రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పలేదు. చివరన ఒక్క మాట అన్నాడు.

"ఎత్తకపోతే ఎత్తకపోనీ. నువ్వు దినామూ చెయ్యి. మోగిందని ఆ పిల్లకు తెలుస్తాది గదా."

నేను అలాగే చేశాను. చాలా రోజుల తర్వాత ఒకరోజు ఎత్తింది. మాట్లాడలేదు, ఎత్తింది. ఇప్పుడు మాకు ఒక కూతురు. మామ రుణం తీరేది కాదు అని అందరూ అనే మాటే నేనూ అంటాను, ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

ఆయనతో సాయంత్రాలు గుర్తొస్తాయి. అసర్ నమాజు చదువుకుని వచ్చి, కారు బానెట్ మీద గుడ్డ పరిచి కూర్చుని, అత్తతో మాట్లాడేవాడు. రోజూ మాట్లాడేదేముంటుంది? ఏం కూర వండినావు, మేక ఈనిందా, చిన్నోడు పనికి పోయినాడా. మధ్యలో మేము అటు పోతే ఫోన్ మా చెవిలో పెట్టేవాడు. "ఆయన సరిగ్గా తింటాండాడా అల్లుడా?" అని అడిగేది. తింటున్నాడని అబద్ధం చెప్పేవాళ్లం. ఉదయం చేసిన రొట్టెలనే సాయంత్రం టీలో ముంచుకుని తినే మనిషి. చలికాలమైనా ఎండాకాలమైనా ఆ సమయానికి ఆ బానెట్ మీద ఆయన, చెవికి ఫోన్. వర్క్‌షాప్ మూసే వేళయిందని దాన్ని చూసే మాకు తెలిసేది.

ఆ కారు ఇప్పుడు వర్క్‌షాప్ వెనక గోడ పక్కన దుమ్ము పట్టి ఉంది. మామ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మామ కొడుకుల అనుమతి తీసుకుని ఎవరికో అమ్మేస్తున్నాడు. కొనేవాడు వచ్చి చూసి, ముందుగా దీన్ని పైకి లేపాలి అన్నాడు. పాకిస్తానీ మెకానిక్ మామ మంచం కింద నుంచి ఆ నాలుగు స్ప్రింగులు తెచ్చి అతని ముందు పెట్టాడు. అందులో తప్పేమీ లేదు. కానీ నాకు అక్కడ నిలబడాలనిపించక వచ్చేశాను.

ఇంతమందిని పక్కన కూర్చోబెట్టుకుని కొండ ఎక్కించి దించిన మనిషి. ఆయనకు కష్టం వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారు? నెల నుంచి నన్ను నేను అడుగుతున్నది ఇదే. దానికి నా దగ్గర ఉన్న జవాబు పోయిన చలికాలపు ఒక్క రోజు మాత్రమే. అది చెప్పి ముగిస్తాను.

పోయిన చలికాలం మంచు కబురు ఆలస్యంగా వచ్చింది. ఫోన్ల నిండా వీడియోలు, మంచులో నిలబడిన ఒంటెలు, చలి మంటలు. గదుల్లో అందరూ ఎప్పటిలాగే లెక్కలు వేసుకున్నారు, ఈసారి ఎవరి వంతు అని. పెద్దగా కష్టం వచ్చినవాళ్లు ఎవరూ కనపడలేదు. మంచి ఏడాది అనుకున్నాం. పొద్దున్నే ఫజర్ నమాజు తర్వాత మామ మా గది తలుపు తట్టాడు. తెరిచింది నేనే.

"నాకేం కాలే మామా. ఈసారి అంత మంచిగనే ఉన్నది. పాప గూడ మంచిగనే ఉన్నది" అన్నాను, ముందే.

"తెలుసులే. రా. బండి నువ్వు తోలాల" అని తాళం నా చేతిలో పెట్టాడు.

ఆ కారు ఆయన అంతవరకు ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేను తాళం పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆయన అవతలి వైపు తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుని, దుప్పటి కప్పుకున్నాడు. నేను డ్రైవర్ తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాను. ఆ సీటు ఎవరిదో మాకందరికీ తెలుసు. అడగకూడదన్నది కూడా తెలుసు. ఎక్కి కూర్చుని బండి తీశాను.

దారిలో ఆయన మాట్లాడతాడని ఎదురు చూశాను. మతబ్‌ల మీద నేను తప్పుగా ఎక్కించి అడుగు గీకించాను. ఇంకో రోజైతే నా ఏడు తరాలను తిట్టేవాడు. ఆ రోజు కిటికీలో నుంచి చూస్తూ కూర్చున్నాడు. నాకు లోపల భయం పట్టుకుంది. వయసు మీదపడ్డ మనిషి, డాక్టర్లు ఏమైనా చెప్పారా, కొడుకులకు ఏమైనా అయిందా అని వంద ఆలోచనలు.

కొండ దారి మొదలై, తెల్లదనం కనిపించాక, నేను బండి పక్కకు ఆపి దిగాను. ఇక్కడ బండి తోలడం నేర్చుకున్న ప్రతివాడి చేతికీ ఒక అలవాటు ఉంటుంది. మెత్తటి నేల వస్తే టైర్లలో గాలి తగ్గించాలి. ఇసుకలోకి దిగేముందు అందరూ అదే చేస్తారు, టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. నేను కూడా వంగి నాలుగు టైర్లకూ గాలి తీశాను. మామ అద్దంలో నుంచి చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు. మంచి పనే చేశానని ఎక్కి, రెండో గేర్ వేసి బయలుదేరాను.

మొదటి వంపు దాటగానే చిన్న పల్లం. గాలికి అక్కడ మంచు కొంచెం ఎక్కువ చేరింది. బండి అందులోకి దిగి ఆగిపోయింది. కడుపు మంచు మీద ఆనుకుంది, చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. గాలి తీస్తే ఎత్తు బండి ఇంకా ఎత్తుగానే ఉంటుంది. మాది బెత్తెడు ఎత్తు బండి, గాలి తీయగానే ఉన్న కాస్త ఎత్తూ పోయింది. ఇంజిన్ ఆపేశాను. గాలి హోరు తప్ప చప్పుడు లేదు.

"గాలి తీస్తే కిందికి దిగుతాది గదరా" అన్నాడు మామ. పొద్దుటి నుంచి అదే మొదటి మాట.

"మరి చూస్కుంట ఊకున్నవేందే మామా? ఒక్క మాట చెప్పరాదు?"

"సూచ్చానే ఉండా అల్లుడా. నోరు రాల్యా."

ఈ బండి మీద చీమ పాకినా గుర్తుపట్టే మనిషి, నేను నాలుగు టైర్ల గాలి తీస్తుంటే కళ్లతో చూసి, నోరు రాక ఊరుకున్నాడు. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. ఆయన ముఖం వైపు తిరిగాను.

"మీ అత్త పోయింది" అన్నాడు.

"ఎప్పుడు?" అన్నాను.

"రెండు నెలలు దాటిపాయె. మధ్యాన్నం పడిపోయిందంట. సందకాడికి మట్టి ఇచ్చేసినారు. నేను పొయ్యేదానికి టయిం యాడిది? పెద్దోడు ఫోన్లో సూపిచ్చినాడు. బండి కింద గుంతలో ఉండా, చేతులనిండా గ్రీసు. ఫోన్ పట్టుకునేదానికి గూడా కాల్యా. మన పాకిస్తానీ ఆయన్ని పట్టుకోమన్యా. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్యా."

"గదేంది మామా, రోజు సాయంత్రం అత్తతోని మాట్లాడుతనే ఉన్నవ్ గద? మొన్న గూడ చూసిన."

"ఊరికే చెవికాడ పెట్టుకోని కూచ్చుంటాండా." అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచాడు. "పెట్టుకోకుంటే మీరు అడుగుతారు గదా, ఏం మామా ఈపొద్దు ఫోన్ ల్యాదా అని."

రెండు నెలలు. ప్రతి సాయంత్రం నేను ఆ బానెట్ ముందు నుంచే పోయాను. చెయ్యి ఊపేవాణ్ని, ఆయన తల ఊపేవాడు, చెవికి చప్పుడు లేని ఫోన్. ఇదివరకటిలా ఫోన్ నా చెవిలో ఎందుకు పెట్టడం లేదని ఒక్కసారి కూడా అనుకోలేదు. నాకు దుఃఖం వచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది.

"ఇంతమందిని మోసినవ్. నిన్ను మోసుడు మాకు చేతగాదనుకున్నవా?"

"అందుకే గదరా తాళం నీకిచ్చింది" అన్నాడు.

ఆ తర్వాత ఆయనే మాట్లాడాడు. నేను విన్నాను. పెళ్లయిన ఏడాదికే గల్ఫ్‌కు వచ్చాడట. రెండేళ్లకోసారి పోయి రావడం, అంతే. "ఫోన్లోనే కాపురం చేసినాం అల్లుడా. మనిషి పక్కనుండి పోతే మంచం కాళీ అవుతాది, పొయ్యి ఆరిపోతాది, తెలుస్తాది. నాకు ఏం కాళీ అయ్యింది చెప్పు? ఈడ అన్నీ ఉండేవి ఉన్నట్టే ఉండాయి. ఏడ్సేదానికి గూడా ఏమీ దొరకడంల్యా" అన్నాడు. ఏడవడం దొరకడం లేదని చెబుతూ చెబుతూనే ఏడ్చాడు. దుప్పటి ముఖం మీదికి లాక్కుని, ముసలి భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. కిటికీ అద్దాల మీద మంచు పేరుకుంటూ పోయింది, బయట ఏమీ కనపడడం మానేసింది.

ఎంతసేపటికో ఒక పికప్ వచ్చి ఆగింది. ఒక పెద్దాయన, ఆయన కొడుకులు. మా బండిని చూసి, దీన్ని ఇక్కడికి తెచ్చిన మొనగాడు ఎవరని నవ్వుతూ వచ్చారు. లోపల మామను చూసి పెద్దాయన నవ్వడం ఆపేశాడు. మీ నాన్నా అని నన్ను అరబ్బీలో అడిగాడు. అవునని తల ఊపాను. కొడుకులు బెల్టు కట్టి మా బండిని వెనక్కి లాగారు, వాళ్ల కంప్రెసర్‌తోనే టైర్లకు గాలి నింపారు. పెద్దాయన ఫ్లాస్కులో నుంచి గహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోసి మామ చేతికి ఇచ్చాడు. మామ తాగి, ఆయనకు దువా చేశాడు. పైకి పోవాలని మా ఇద్దరికీ అనిపించలేదు. బండి తిప్పాను.

తిరుగు దారిలో, కొండ దిగి చదును రోడ్డుకు రాకముందే మామ నిద్రపోయాడు. ఇన్నేళ్లలో ఆయన నిద్రపోవడం నేను చూడలేదు. వేరే బండ్లలో ఎవరు తోలుతున్నా ఆయన కాళ్లు లేని బ్రేకును తొక్కుతూనే ఉండేవి. ఇప్పుడు తల కిటికీ అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరిచి, గురక కూడా పెడుతున్నాడు. నేను వేగం తగ్గించాను. లారీలన్నీ నన్ను దాటుకుని పోయాయి. తబూక్‌లోకి వచ్చాక ప్రతి మతబ్ ముందూ ఆగాను. ఆయన చేసినట్టే స్టీరింగ్ తిప్పి, ఒక్కో చక్రాన్ని ఎక్కించి దించాను. వెనక హారన్లు కొట్టారు. నాకు సలాం చేసే ఓపిక లేదు, కొట్టుకోనిచ్చాను.

ఆయన గది ముందు బండి ఆపేసరికి పొద్దు కుంకింది. వీధి చివర మసీదులో మఘ్రిబ్ అజాన్ మొదలైంది. మామ నాకు తెలిసి ఏ పూటా నమాజు తప్పిన మనిషి కాదు. లేపాలి. చెయ్యి చాచాను. అజాన్ అయ్యేలోపు లేపుదాం అనుకున్నాను. అజాన్ అయిపోయింది. మగవాళ్లు ఒక్కొక్కరే మా బండి పక్కనుంచి మసీదు వైపు నడిచి పోయారు. వీధి ఖాళీ అయ్యింది.

నేను లేపలేదు. జారిపోయిన దుప్పటిని ఆయన మెడ దాకా లాగి, ఇంజిన్ ఆపకుండా పక్కనే కూర్చున్నాను.